ముఖ్య అతిథి గెలిచిన మ్యాచ్

మొన్న నేను చదివిన జర్నలిజం డిపార్ట్‌మెంట్ నుంచి ఒక జూనియర్ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. వాళ్ళ ప్రాక్టీస్ పేపర్ కొత్త సంచిక. "అక్కా, నాలుగో పేజీ మొత్తం నేనే చేశాను, చూసి చెప్పండి" అన్నాడు. నాలుగో పేజీ అంటే ఆటల పేజీ. రెండేళ్ళు ఆ పేజీ చేసినదాన్ని కాబట్టి మిగతా మూడూ దాటేసి తిన్నగా అక్కడికే పోయాను.

పైసగంలో ఐపీఎల్ మీద పెద్ద విశ్లేషణ. కింద ఎడమపక్క పద్నాలుగు లైన్ల సింగిల్ కాలమ్: "క్రీడలతో మానసికోల్లాసం". కాలేజీల మధ్య వాలీబాల్ పోటీలు మా గ్రౌండ్‌లోనే జరిగాయట. ముఖ్య అతిథి ఎవరు, ఆయన హోదా ఏమిటి, జ్యోతి వెలిగించడం, క్రీడాకారుల్ని పరిచయం చేసుకోవడం, గెలుపోటములను సమానంగా తీసుకోవాలని పిలుపునివ్వడం, ఇదంతా తొమ్మిది లైన్లు. తర్వాత నాలుగు లైన్లు వేదిక మీద కూర్చున్న మిగతావాళ్ళ పేర్లు. చివరి లైను: "అనంతరం జరిగిన పోటీలు ఆద్యంతం ఉత్కంఠభరితంగా సాగాయి."

ఎవరితో ఎవరు ఆడారు? ఎన్ని సెట్లు? గెలిచిందెవరు? ఒక్క ముక్క లేదు. ఆ వార్త ప్రకారం ఆ రోజు గెలిచింది ముఖ్య అతిథి ఒక్కరే.

నవ్వొచ్చింది గానీ నవ్వడానికి నాకు హక్కు లేదు. నా మొదటి వార్త కూడా అచ్చంగా ఇదే. పేర్లు వేరు, హోదాలు వేరు, దీపం అదే. అప్పట్లో మా పేపర్ పదిహేను రోజులకోసారి వచ్చేది. నాలుగు పేజీలు, టాబ్లాయిడ్ సైజు. అను ఫాంట్స్‌లో టైపు కొట్టి, పేజ్‌మేకర్‌లో పేజీలు పెట్టుకునేవాళ్ళం. ఆటల పేజీ ఎవరూ అడగరు కాబట్టి నాకొచ్చింది. ఆటల గురించి నాకేం తెలుసని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. జిల్లా ఎడిషన్‌లో ఇలాంటి వార్తలు ఎలా ఉంటాయో చూసి, ఆ అచ్చులోనే పోసేశాను.

ఇప్పుడు డెస్క్‌లో పనిచేస్తున్నాను కాబట్టి ఆ అచ్చు ఎక్కడిదో తెలుసు. మండల విలేకరికి ఒక రోజులో పది కార్యక్రమాలుంటాయి. అతిథి ఉదయం పదింటికి వస్తాడు, ఫొటో దొరుకుతుంది, పేర్లు దొరుకుతాయి. ఫైనల్ సాయంత్రం అయిదు దాటాక, ఒక్కోసారి మర్నాడు. అప్పటిదాకా ఆగితే మిగతా తొమ్మిది వార్తలు పోతాయి. పైగా ఆ అతిథులే రేపు పండక్కి యాడ్ ఇవ్వాల్సినవాళ్ళు. అతని ఇబ్బంది అతనిది, తప్పు పట్టను. నా గొడవంతా విద్యార్థి విలేకరితోనే. మనకు యాడ్లు లేవు. డెడ్‌లైన్ పదిహేను రోజులు. గ్రౌండ్ హాస్టల్ వెనకే ఉంది, ఆడేవాళ్ళు మెస్‌లో మన పక్క బల్ల మీదే తింటారు. ఏ పెద్ద పేపర్‌కీ లేని ఇన్ని సదుపాయాలు చేతిలో పెట్టుకుని, వాటిలో ఒక్కటీ లేనివాడు గతిలేక రాసే వార్తని మనం కాపీ కొడుతున్నాం.

నా మొదటి వార్త చూసి మా పీడీ సార్ (ఫిజికల్ డైరెక్టర్ని అందరం అలాగే అంటాం) ఏమీ అనలేదు. తర్వాతి సంచికకి కబడ్డీ పోటీలు రాయడానికి వెళ్తే, నన్ను అతిథుల కుర్చీల వైపు పోనివ్వకుండా స్కోరర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "ఇది చదవడం వస్తే ఆట చూడకపోయినా రాయొచ్చు. ఇది రాకపోతే చూసినా రాయలేవు" అన్నారు.

మొదట్లో ఆ షీటు చూస్తే కళ్ళు తిరిగాయి. వరసగా అంకెలు, వాటి మీద గీతలు, బోనస్‌కొక గుర్తు (అవతలివైపు లోపలి గీత దాటితే వచ్చే పాయింటు), లోనాకొక గుర్తు (అవతలి టీమ్ అంతా అవుటైతే వచ్చే రెండు పాయింట్లు). పది నిమిషాల్లో మాత్రం దాని రుచి తెలిసింది. ఆటలో ఎవరు ఎప్పుడు బయటికి పోయారో, ఎవరు మళ్ళీ లోపలికొచ్చారో అందులో ఉంటుంది. మా ఊళ్ళో చెడుగుడు ఆడేటప్పుడు లెక్కలన్నీ నోటితోనే. "నువ్వవుటు", "కాదు, గీత తాకాను", అక్కణ్ణుంచి తగాదా. ఇక్కడ తగాదాకి చోటు లేకుండా అంతా కాగితం మీదకి వస్తోంది. కూతకు వెళ్ళినవాడు ముగ్గుర్ని ముట్టుకుని వస్తే ఈలలు మోగుతాయి, అందరికీ అదే గుర్తుంటుంది. అవతలి టీమ్‌లో ఎడమ కార్నర్ కుర్రాడు మడమ దొరకబుచ్చుకుని ఒకే మనిషిని మూడుసార్లు కూలేశాడన్న సంగతి షీటు చూస్తేగానీ తేలదు. నేను చూస్తూ కూడా గమనించలేదు.

అందుకే నా వాదన మొదట చెప్పేస్తాను. విద్యార్థి పేపర్‌లో ఆటల వార్తకి మొదటి బాధ్యత స్కోరు. వర్ణన, విశ్లేషణ, ఆటగాడి కష్టాల కథ, అన్నీ దాని తర్వాతే. ఎందుకంటే ఐపీఎల్ మ్యాచ్ స్కోరు నువ్వు రాయకపోయినా లోకానికి పోయేదేం లేదు. బంతి బంతికీ లెక్క ఉంది. మన గ్రౌండ్‌లో జరిగిన మ్యాచ్ నువ్వు రాయకపోతే, ఆ షీటు పీడీ సార్ బీరువాలో రెండేళ్ళుండి, తర్వాత చెదలకి పోతుంది. అంతే, ఆ మ్యాచ్ ఇక జరగనట్టే.

ఇదేదో అతిశయోక్తిలా అనిపిస్తే జ్యోతి యర్రాజీ సంగతి చూడండి. విశాఖపట్నం అమ్మాయి, 100 మీటర్ల హర్డిల్స్. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 2002 నాటి 13.38. అంటే విద్యార్థుల పోటీలో ఒక విద్యార్థిని పద్దెనిమిదేళ్ళ రికార్డుని దాటేసింది. లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేడు. పరుగు పరుగే, కాళ్ళు ఆమెవే, గడియారమూ ఉంది. చూసి సంతకం పెట్టాల్సిన మనిషే లేడు. 2022 మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది, అదీ తను అంతకు ముందే పరిగెత్తిన దానికంటే నెమ్మదైన టైముతో. తర్వాత ఆమెని ఎవరూ ఆపలేదనుకోండి. అదే ఏడు 13 సెకన్ల లోపుకొచ్చింది, 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం తెచ్చుకుంది, పారిస్ ఒలింపిక్స్‌కీ వెళ్ళింది. ఆమె జ్యోతి కాబట్టి మూడబిద్రి సంగతి ఇవాళ మనకి గుర్తుంది. అలాంటి పోటీల్లో రెండో రౌండ్‌లోనే ఇంటికెళ్ళిపోయిన వందల మందిని ఎవరు రాసిపెట్టారు?

ఇక్కడ మా బ్యాచ్‌లో ఒకతను ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "స్కోరు ఎవడు చదువుతాడు, కథ చెప్పాలి గానీ." కథ చెప్పకూడదని నేననను. అయితే అంకె పొడిగా ఉంటుందనుకునేవాళ్ళు అంకెని సరిగ్గా చూడలేదని మాత్రం అంటాను. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరికి "తృటిలో స్వర్ణం చేజారింది" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తృటి అంటే ఎంత? స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం తీసుకున్న ఇద్దరివీ 242.5. ఆఖరి ప్రయత్నం మిగిలి ఉంది. 132.5 ఎత్తితే వాళ్ళతో సమానం. ఆమె ఇంకో ఐదు కిలోలు పైన వేయించుకుంది, 137.5. ఎత్తలేకపోయింది. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి అక్కడిదాకా వెళ్ళిన ఆ మనిషి ఎలాంటిదో ఆ 137.5 చెబుతుంది. "తృటిలో" చెప్పదు.

హార్వర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పేపర్ క్రిమ్సన్ శీర్షిక ఒకటుంది. 1968 నవంబరు 23న హార్వర్డ్, యేల్ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. రెండూ ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓడని జట్లు. ఆఖరి 42 సెకన్లలో హార్వర్డ్ 16 పాయింట్లు కొట్టి మ్యాచ్‌ని సమం చేసింది. విద్యార్థులు పెట్టిన హెడ్డింగ్: "29-29తో యేల్‌ని ఓడించిన హార్వర్డ్". ఇన్నేళ్ళయినా దాన్ని తలుచుకుంటారు. పక్షపాతంతో పెట్టిన హెడ్డింగే, ఒప్పుకుంటాను. కానీ స్కోరు తీసేసి చూడండి, అందులో ఏమీ మిగలదు. చమత్కారమంతా ఆ రెండు ఇరవై తొమ్మిదుల మధ్యే ఉంది.

ఇప్పుడు నా సొంత మ్యాచ్ దగ్గరికి వస్తాను. అదే కబడ్డీ పోటీల ఫైనల్, 2015లో. మా యూనివర్సిటీ కాలేజీ టీమ్‌కీ, పక్క జిల్లా డిగ్రీ కాలేజీకీ మధ్య. మొదటి సగం అయ్యేసరికి మావాళ్ళు 19-12తో ముందున్నారు. గెలిచేసినట్టే అనుకుని డప్పులు కూడా తెచ్చేశారు. రెండో సగంలో నేను పైన చెప్పిన ఎడమ కార్నర్ కుర్రాడు మొదలెట్టాడు. మా ప్రధాన రైడర్ని వరసగా పట్టేశాడు. మావాళ్ళు ఒకసారి ఆలౌట్ అయ్యారు, ఆధిక్యం కరిగిపోయింది, ఒక దశలో 25-26. కోర్టులో మావైపు ఇద్దరే మిగిలారు: ఆ రైడరూ, ఒక ఫస్టియర్ కుర్రాడూ. రైడర్ వరసగా రెండు బోనస్‌లు తెచ్చాడు. 27-26. బోనస్‌కి పాయింటు వస్తుంది గానీ బయట కూర్చున్నవాడెవడూ లోపలికి రాడు కదా, మావాళ్ళు ఇద్దరే. నిమిషం లోపే ఉంది. మళ్ళీ కూతకు వెళ్ళింది అతనే. బాక్ లైన్ (కూతకు వెళ్ళినవాడు తప్పక దాటాల్సిన గీత) దాటి వెనక్కొచ్చేస్తే చాలు. అతను మూడో బోనస్‌కి కాలు చాపాడు. అందలేదు, పట్టేశారు. 27-27. అవతలివాడు వచ్చి ఒంటరిగా నిలబడ్డ ఫస్టియర్ కుర్రాణ్ణి ముట్టుకుని వెళ్ళాడు. అది ఒకటి, లోనాకి రెండు. 27-30.

ఆ రాత్రి హాస్టల్లో అందరూ ఫస్టియర్ కుర్రాడి మీద పడ్డారు. "వాడు తప్పించుకోవాల్సింది" అని. కోర్టులో ఒక్కడే మిగిలినవాడు ఎంతసేపని తప్పించుకుంటాడు? నాకు ఒళ్ళు మండింది. షీటు జిరాక్స్ దగ్గర పెట్టుకుని రాశాను. ఆధిక్యంలో ఉండి కూడా అక్కర్లేని బోనస్‌కి వెళ్ళడం వల్లే మ్యాచ్ పోయిందని, రైడర్ పేరుతో సహా రాశాను. అంతకు ముందు మా పేపర్‌లో మావాళ్ళ ఓటమి వార్తే వచ్చేది కాదు. ఓడితే ఆ సంచికలో యోగా మీద వ్యాసం వచ్చేది.

పేపర్ వచ్చిన రోజు మెస్‌లో నా బల్ల దగ్గరికి నలుగురు వచ్చారు. "అక్కా, బయటివాడు రాశాడంటే సరే. మన పేపర్‌లో మనవాడి పరువు నువ్వే తీస్తావా?" రైడర్ మాత్రం రాలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేను లోలోపల గర్వపడ్డాను. నిజం రాశాను, కోపాలు రాకుండా ఎలా ఉంటాయి అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరైనా మన మీద కోపం తెచ్చుకుంటే మనం గొప్ప జర్నలిస్టులం అనిపిస్తుంది.

నెల తర్వాత లైబ్రరీ మెట్ల మీద ఎదురుపడ్డాడు. తనే ఆగాడు. "అక్కా, నువ్వు రాసిందాంట్లో తప్పు లేదు. కానీ నన్నొక్క మాట అడగలేదు" అన్నాడు. ఏమిటన్నాను. "రెండో బోనస్ ఇచ్చారో లేదో నాకు తెలీదు. డప్పుల గోలలో రిఫరీ చెప్పింది వినపడలేదు. బోర్డు మీద చూస్తే 26 అనే ఉంది. మొదటిదొక్కటే ఇచ్చారనుకున్నా. సమానంగా ఉన్నాం అనుకున్నా."

బోర్డు అంటే క్లాసురూములోంచి తెచ్చి కుర్చీకి ఆనించిన నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో స్కోరు రాయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టారు. ఆట రసపట్టులో పడేసరికి ఆ కుర్రాడు రాయడం మానేసి గెంతుతూ మ్యాచ్ చూశాడు. గడియారం సంగతి సరేసరి, టైము స్కోరర్ల బల్ల మీదున్న వాచీకి తప్ప ఇంకెవరికీ తెలీదు. నేను ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. నాకు 27-26 అని తెలుసు. మైదానంలో ఆ అంకె అందరికంటే ఎక్కువ అవసరమైనవాడికి తెలీదు.

అంటే ఆ రోజు వార్త అతని తొందరపాటు కానే కాదు. వార్త ఆ నల్లబల్ల. పోటీల ప్రారంభానికి షామియానా, దండలు, శాలువాలు, మైకు, అన్నీ వచ్చాయి. ఆడేవాళ్ళకి కనపడే స్కోర్‌బోర్డు రాలేదు. ఆ వార్త రాయాల్సిన మనిషిని నేనే, రాయలేదు. షీటు చూసి సరిపెట్టుకున్నాను. మరుసటి సంచికలో నాలుగు లైన్లు సవరణలా వేశాను, అవి ఎవరి కంటా పడలేదు. తర్వాత పీడీ సార్‌కి చెబితే ఆయన కాసేపు ఏమీ అనకుండా, "షీటు చదవడం వచ్చింది, ఇక మనుషుల్ని అడగడం నేర్చుకో" అన్నారు.

కాబట్టి పైన పెట్టిన నా వాదనకి ఈ సవరణ నేనే చేసుకోవాలి. స్కోరు ముందు, ఆ తర్వాత ఆ స్కోరు ఎవరికి ఎలా కనపడిందో అడగడం. విద్యార్థి విలేకరికి ఉన్న అసలు బలం ఇదే. పెద్ద పేపర్ విలేకరి ఆటగాణ్ణి మళ్ళీ పట్టుకోలేడు. నాకు అతను రోజూ మెస్‌లో పప్పు వడ్డించుకుంటూ కనపడతాడు. ఆ దగ్గరితనాన్ని మావాళ్ళు పొగడ్త కోసం వాడమన్నారు, నేను పౌరుషం కొద్దీ అసలు వాడనే లేదు.

భాష గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా జూనియర్ ఐపీఎల్ విశ్లేషణలో "ఊచకోత" నాలుగుసార్లు ఉంది. చెలరేగడం, చిత్తుచేయడం, విశ్వరూపం, నువ్వా నేనా... ఇవన్నీ మొదట రాసినవాడికి బాగానే ఉండి ఉంటాయి. మన గ్రౌండ్‌లో ఆడేవాళ్ళు ఈ మాటలేవీ మాట్లాడరు. "డాష్ కొట్టాడు" (ఢీకొట్టి గీత బయటికి నెట్టాడు), "చైన్ తెగింది" (చేతులు పట్టుకుని నిలబడ్డవాళ్ళ పట్టు విడిపోయింది), "కవర్ ఆలస్యంగా వచ్చాడు" (కార్నర్ పక్కన ఉండేవాడు సాయానికి ఆలస్యంగా వచ్చాడు) అంటారు. ఆ మాటలతో రాస్తే ఆట తెలియనివాడికీ కళ్ళకి కడుతుంది.

అమ్మాయిల ఖోఖో పోటీలు ఎప్పుడూ ఉదయం ఏడింటికి పెట్టేవారు. గ్రౌండ్ మధ్యాహ్నం క్రికెట్‌కి కావాలి మరి. అతిథి ఉండడు, ఫొటోగ్రాఫర్ ఉండడు, ప్రేక్షకులు నేనూ రెండు కుక్కలూ. అక్కడ ఒకమ్మాయి తొమ్మిది నిమిషాల టర్న్‌లో 3 నిమిషాల 40 సెకన్లు ఒక్కతే నిలబడింది. తనతో వచ్చిన ఇద్దరూ అవుటైపోయారు, ఈ అమ్మాయి స్తంభాల మధ్య మెలికలు తిరుగుతూనే ఉంది. ఖోఖో షీటులో ప్రతి రన్నర్ ఎంతసేపు నిలబడిందో సెకన్లతో సహా ఉంటుంది కాబట్టి నాకు ఆ అంకె దొరికింది. దాన్నే హెడ్డింగ్‌లో పెట్టాను. మరుసటి ఏడాది ఆ అమ్మాయి స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూకి వెళ్తూ తన ఫైలు చూపించింది. సర్టిఫికెట్ల మధ్యలో, ప్లాస్టిక్ కవర్లో, మా ప్రాక్టీస్ పేపర్ ముక్క. కోటాకి పేపర్ కటింగ్ పనికిరాదు, ఆ సంగతి తనకీ తెలుసు. ఇంటిపేరు మొదటి అక్షరం నేను తప్పు వేశాను. దాన్ని నీలి పెన్నుతో దిద్దుకుంది. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జూనియర్‌కి ఇదంతా చెప్పలేదు. "వాలీబాల్ ఫైనల్ స్కోరెంత?" అని మాత్రం మెసేజ్ పెట్టాను. చాలాసేపు "టైపింగ్" అని చూపించి ఆగిపోయింది. మర్నాడు రాత్రి స్కోర్‌షీటు ఫొటో పంపాడు. 25-21, 19-25, మూడో సెట్ దగ్గర టీ మరక. 15-11 అనుకోవాలో 15-13 అనుకోవాలో తేలడం లేదు. గెలిచిన టీమ్‌ని అడిగితే ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతున్నాడట. ఓడిన టీమ్ కెప్టెన్ నంబర్ సంపాదించాడు గానీ ఫోన్ ఎత్తడం లేదట. "పొద్దున ఆరింటికి ప్రాక్టీస్‌కి వస్తాడు, గ్రౌండ్‌కి పోయి పట్టుకో" అన్నాను.

"ఆరింటికా అక్కా?" అన్నాడు.